తాతయ్య కారూ, నీ స్పీకర్లూ

చి. బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడంతా క్షేమం. మీ అమ్మ మోకాలు కాస్త నయం. మాగాయ ముక్కలు ఎండబెట్టిన రోజే వాన పడింది, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, వాన నేనే కురిపించినట్టు. సరస్వతత్త పోర్షన్ మళ్లీ ఖాళీ అయింది. ఇదంతా ఫోన్లో చెప్పేదే. నువ్వు ఫోనెత్తి 18 రోజులైందట. లెక్కపెట్టింది అమ్మే, నేను కాదు.

మొన్న బాబ్జీ వచ్చాడు. నువ్వు పెట్టిన ఫోటో ఏదో చూపించాడు. తాతయ్య ప్రీమియర్ పద్మిని కారు వెనక సీటు బయట పడుంది, లోపలంతా వైర్ల చిక్కు. "మామయ్యా, 800 వాట్ల ఆంప్లిఫైయరట, డ్యాష్‌బోర్డు కోసేస్తారట" అన్నాడు. వాడి మాటల్లో సగం తీసెయ్యాలని తెలుసు, ఏ సగమో తెలియక నిద్ర పట్టలేదు.

నేనేం వద్దనటం లేదు. తాతయ్య కారు నీకే రాశారు, నీ ఇష్టం. కాకపోతే దానికి ఉన్నది డైనమో, ఇంజను తిరిగితే కరెంటు పుట్టించే పాత రకం యంత్రం. సిగ్నల్ దగ్గర ఆగితే డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలుగుతుంది చూడు, ఆ సమయంలో అది దాదాపు ఏమీ ఇవ్వటం లేదన్నమాట. 800 వాట్లని 12తో భాగించు, 66 ఆంపియర్లు దాటుతుంది. పాపం, హెడ్‌లైట్లూ వైపరూ కలిసి వేస్తేనే అది మూలుగుతుంది. పెద్ద ఆంప్లిఫైయరే కావాలంటే ముందు డైనమో బదులు ఎక్కువ కరెంటిచ్చే ఆల్టర్నేటరు వేయించు. లేదూ, మామూలు స్టీరియో సెట్టు చాలు. డబ్బా మీద ఛానెల్‌కి, అంటే ఒక్కో స్పీకరు లైనుకి, 50 వాట్లని రాస్తారు, నిలకడగా ఇచ్చేది ఓ 20. ఆ చిన్న కారుకి అదే హోరు.

1984లో జరిగింది నీకు చెప్పానో లేదో. చెప్పే ఉంటాను, మళ్లీ విను. కరెంటాఫీసులో కొత్తగా చేరిన రోజులు, వైరింగంటే నా అంతవాడు లేడనుకునేవాణ్ణి. కారుకి క్యాసెట్ ప్లేయరు నేనే బిగించాను. బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగి, ఇంజను వెనక రేకులో బెజ్జం చేసి లోపలికి తెచ్చాను. బెజ్జానికి రబ్బరు వాషరు వెయ్యలేదు. ఫ్యూజూ లేదు. అన్నవరం బయల్దేరాం, తాతయ్య, బామ్మ, నేను, ఒళ్లో ప్రసాదం క్యారేజీతో మీ పెద్దత్త. తణుకు దాటాక పాట ఆగింది, ఆ వెంటనే డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ. రేకు అంచు వైరు తొడుగుని కోసేసింది. తాతయ్య బండి పక్కకు తీసి, బానెట్ ఎత్తి, పైపంచె చేతికి చుట్టుకుని బ్యాటరీ వైరు పీకేశారు. బామ్మ చెప్పుల్లేకుండా గట్టు మీద నిలబడి సత్యదేవుణ్ణి పిలుస్తూనే ఉంది. తాతయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిడితే తేలిగ్గా ఉండేది. ఏలూరు తిరిగొచ్చిన మర్నాడు నా పళ్లెం పక్కన ఓ ఫ్యూజు హోల్డరు పెట్టి వెళ్లారు.

అందుకే, బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు ఉండాలి. ప్రతి బెజ్జానికీ రబ్బరు. ఎర్త్ వైరు పెయింటు గీకిన చోటే బిగించాలి. కరెంటు వైరు ఒక పక్క, పాట వైరు ఇంకో పక్క లాగమను, లేకపోతే ఇంజను కూత కూడా స్పీకర్లోంచే వినాలి. వెనక అద్దం కింద రేకు కొయ్యనివ్వకు. ప్లైవుడ్ పలక చేయించి దానికి స్పీకర్లు బిగిస్తే, రేపు పలక తీసేస్తే చాలు. పలక చుట్టూ సందుల్లేకుండా మూయించు, స్పీకరు ముందు గాలీ వెనక గాలీ కలిస్తే బేసు, అదే ఆ లావు శబ్దం, చచ్చిపోతుంది. కొత్త సెట్టుని గ్లవ్‌బాక్సులో దాచు. పాత రేడియో మాత్రం ఉన్నచోటే ఉండనీ. అప్పట్లో రేడియోకి కూడా లైసెన్సుండేది, తాతయ్య దానికోసం ఏటా పోస్టాఫీసు క్యూలో నిలబడేవారు. రేడియో ముల్లు 837 దగ్గర పెట్టి విజయవాడ వార్తలు వచ్చేదాకా బండి స్టార్ట్ చేసేవారు కాదు.

ఉపన్యాసమైపోయింది. వేళకి తింటున్నావా? కారు పెట్టిన ఆ షెడ్డులో రాత్రి తొమ్మిదింటి దాకా ఉంటున్నావని కూడా అన్నాడు బాబ్జీ. ఒంటరిగానా? ఏదైనా మనసులో పెట్టుకుని కారు మీద పడ్డావా అని అమ్మ అడగమంది.

బాబ్జీ చేత మాగాయ సీసా, రెండు ఫ్యూజు హోల్డర్లు, రబ్బరు వాషర్లు పంపుతున్నాను. వాషర్లు మూడు సైజులు, కలిపెయ్యకు. రేడియోకి ఎడమ వైపు బొత్తాం ఊడిపోతే తాతయ్య గ్లవ్‌బాక్సులో అగ్గిపెట్టెలో దాచినట్టు గుర్తు. ఉందో లేదో చూసి చెప్పు. రాయక్కర్లేదు, ఫోన్ చెయ్యి.

నాన్న