కీమో రోగికి జ్వరం వస్తే మాత్ర వేసి ఊరుకోకండి

సంపాదకులకు నమస్కారం.

మా అత్తగారికి రొమ్ము క్యాన్సర్. విశాఖలో కీమో ఎక్కించుకుని సఖినేటిపల్లి వచ్చేస్తాం. మళ్లీ సైకిల్ దాకా, అంటే తర్వాతి విడత కీమో దాకా ఇంటి దగ్గరే. కోనసీమ పల్లెల నుంచి వైద్యానికి వెళ్లే చాలామందిది ఇదే పరిస్థితి. మందు ఎక్కించేటప్పుడు పక్కన డాక్టర్లు, నర్సులు ఉంటారు. అసలు భయపడాల్సిన రోజుల్లో మాత్రం మనిషి మన వసారాలో మంచం మీద ఉంటుంది.

కీమో అయ్యాక సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా తగ్గిపోతాయి. కౌంట్ పడిపోయిందని అనేది దీన్నే. వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం మైక్రోలీటరు రక్తంలో 500 కంటే దిగితే ఇన్ఫెక్షన్‌ను తట్టుకునే శక్తి దాదాపు ఉండదు. చీము పట్టదు, వాపు సరిగా కనిపించదు. ఒక్కోసారి జ్వరం ఒక్కటే గుర్తు. అందుకే థర్మామీటర్ 100.4 చూపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లిన గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలి. తెల్లారాక చూద్దాంలే అనుకుంటే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

మన దగ్గర జ్వరం అనగానే ముందు పారాసిటమాల్, తగ్గకపోతే ఆర్ఎంపీ గారి సూది. మాత్రకు ఒళ్లు చల్లబడుతుంది, లోపలి ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది. ప్లేట్‌లెట్లు కూడా తగ్గి ఉంటే, కండకు సూది పొడిచిన చోట లోపల రక్తం కారి గడ్డ కట్టొచ్చు.

మొన్న వానాకాలంలో ఓ రాత్రి అత్తగారికి జ్వరం 101 దాటింది. అప్పటికే గోదావరి దాటించే పంటు ఆగిపోయింది. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి ఓ ఆసుపత్రికి తీసుకెళ్తే, ఓపీ చీటీ రాయించుకుని బెంచీ మీద కూర్చోమన్నారు. పక్కనే ఖళ్లుఖళ్లున దగ్గుతున్న పిల్లాడు. కీమో నడుస్తోందని ఎంత చెప్పినా మా వంతు వచ్చేదాకా ఆగమన్నారు. చివరికి పెద్ద నర్సమ్మ ఒకావిడ మా డిశ్చార్జి కాగితం చదివి, పరుగున వచ్చి లోపలికి తీసుకెళ్లారు. ఆవిడ చేతుల మీదుగానే మందు పడింది. ఆవిడకు రుణపడి ఉంటాం. కానీ ఆ రాత్రి ఆవిడ డ్యూటీలో లేకపోతే?

ఇంట్లో మేం పడాల్సిన జాగ్రత్తలు పడుతూనే ఉన్నాం. చేపల పులుసు మర్నాటికే రుచి అంటాం కదా, అత్తగారికి మాత్రం ఏ పూటకాపూట వండిందే. నీళ్లు కాచి చల్లార్చినవే. పరామర్శకు వచ్చేవాళ్లతోనే టెన్షన్. గుమ్మం బయట సబ్బు, నీళ్ల బకెట్ పెట్టాం. జలుబు ఉన్నవాళ్లు అరుగు మీద నుంచే పలకరించి వెళ్లాలని చెబితే కొందరు నొచ్చుకున్నారు. నొచ్చుకున్నా ఫర్వాలేదు. 2027లో పుష్కరాలు వస్తున్నాయి. కీమో నడుస్తున్నవాళ్లను పుణ్యమని చెప్పి ఆ జనంలో ముంచకండి, ఇంట్లోనే నాలుగు చెంబులు పోయండి.

కీమో ఇచ్చే ప్రతి ఆసుపత్రీ రోగి చేతికి తెలుగులో ఒక కార్డు ఇవ్వాలి. జ్వరంతో వస్తే వరుసలో కూర్చోబెట్టకూడదని అందులో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఊళ్లో ఎవరికి కీమో నడుస్తోందో ఆశా కార్యకర్తకు తెలిసి ఉండాలి. మన సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో రాత్రిపూట కూడా రక్తపరీక్ష చేయాలి, యాంటీబయాటిక్ సిద్ధంగా ఉంచాలి. ఆ మొదటి డోసు ఇచ్చాకే కాకినాడకో రాజమండ్రికో పంపాలని జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, సఖినేటిపల్లి