కాటా అంకె రైతుకూ కనపడాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక రైస్ మిల్లులో 26 ఏళ్లుగా కాటా గుమాస్తాగా ఉన్నాను. రెండేళ్ల కిందట మా కాటా మీద సీసీ కెమెరా పెట్టారు. దానివల్ల మంచి జరగలేదని అనను. రాలిన వడ్లు మూటగట్టుకుని పోవడం ఆగింది. నేనూ బస్తా బస్తాకీ అంకె రెండుసార్లు చూసి రాస్తున్నాను.

మా పాప ఒక సంగతి చెప్పింది. ఇంగ్లండులోని న్యూకాజిల్ యూనివర్సిటీలో టీ తాగినవాళ్లు తమంతట తామే డబ్బులు వేసే పెట్టె ఉండేదట. దాని పైన ఒక వారం పూల బొమ్మ, ఒక వారం మనిషి కళ్ల బొమ్మ అంటించారు. కళ్లున్న వారాల్లో దాదాపు మూడింతల డబ్బు పడిందని 2006లో ప్రచురించారట. నేను వెంటనే నమ్మాను.

కానీ మా కాటా దగ్గరున్న కన్ను ఎవరిది? అది ఓనరు సెల్‌ఫోన్‌లోకి పోతుంది. మొన్నటి కోతల్లో ఒక కౌలు రైతు వడ్లు తెచ్చాడు. తేమ మిషన్ 18 చూపింది, పరిమితి 17. పూర్వమైతే "అన్నా, ఇక్కడే పట్ట పరిచి ఆరబోసుకో, సాయంత్రం మళ్లీ చూస్తా" అనేవాణ్ణి. ఆ రోజు ట్రాక్టరు అక్కడే ఆగితే ఫోన్ వస్తుందన్న టెన్షన్‌తో తరుగు రాసి పంపించాను. రాసింది అబద్ధం కాదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మాకు పుట్టి అంటే 850 కిలోలు. పుట్టికి పది కిలోలు ఎక్కువ తూచినా ఆ కెమెరా నన్ను అడగదు, మిల్లుకు లాభమే గనక. నేను అలా తూచిన రోజులున్నాయి, దాని కిందే నిలబడి. కాటా అంకె నా వైపే తిరిగి ఉంటుంది. రైతు బస్తాకు అవతల నిలబడి నా మొహం చూస్తాడు. నేను ఎంత చెబితే అంతే అతనికి లెక్క.

అందుకే అడుగుతున్నాను. వడ్లు తూచే ప్రతి చోటా రైతు వైపు కూడా అంకెలు కనపడే రెండో తెర పెట్టించాలి. బస్తా కాటా దిగకముందే చీటీ అతని చేతికివ్వాలి. మా ఓనరును అడిగితే తర్వాత చూద్దామన్నారు. మార్చిలో మళ్లీ కోతలు మొదలవుతాయి. అధికారులు ఆలోపే ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

ఒక కాటా గుమాస్తా,
నెల్లూరు జిల్లా
(పేరు వేయవద్దని మనవి)