హిప్‌హాప్ తమిళ ఆది మీద నా సెమినార్‌కు సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. సెమినార్ అయిపోయింది, బాగానే జరిగింది. మా డిపార్ట్‌మెంట్‌లో మామూలుగా పేపర్ చదివేసి కూర్చుంటారు. ఈసారి ప్రశ్నల మీద ప్రశ్నలు వచ్చాయి. చాలావాటికి నేను తడుముకోకుండా జవాబు చెప్పగలిగానంటే మీరంతా ఇచ్చిన సమాచారం వల్లే. ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టాను గానీ, అందరి ముందూ చెప్పాలనిపించింది.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక మాట. నేను తిరుపతిలో జర్నలిజం చదువుతున్నాను. ర్యాప్ పాడే కుర్రాడు సినిమా హీరో దాకా ఎలా వెళ్తాడన్నది నా టాపిక్. దానికి తీసుకున్నది తమిళ ర్యాపర్, సంగీత దర్శకుడు, హీరో అయిన హిప్‌హాప్ తమిళ ఆదిని. మాది చిత్తూరు వైపు కాబట్టి తమిళం వింటే అర్థమవుతుంది, చదవడం మాత్రం రాదు. పాత ఇంటర్వ్యూలన్నీ తమిళంలోనే ఉన్నాయి. సాయం అడిగింది అందుకే.

ముందుగా కోయంబత్తూరు అక్కకి. తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్లది. రాత్రిళ్లు ఫోన్‌లో ఇంటర్వ్యూలు చదివి, అర్థం చెప్పి, మధ్యమధ్యలో "ఇది మా కొంగునాడు యాస, చెన్నైవాళ్లు ఇలా అనరు" అని ఆపి మరీ వివరించింది. ఆ ఊరి గురించి ఆమె చెప్పింది వినకపోతే నా పేపర్‌లో మొదటి భాగమే ఉండేది కాదు. మిల్లులు, పంపుసెట్ల తయారీ, వీధి వీధికీ వర్క్‌షాపులు, చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు. పాటలు రాస్తానని అక్కడ ఎవరైనా అంటే సరే, ముందు డిగ్రీ పూర్తి చెయ్ అంటారట. 1990లో పుట్టిన ఆది సరిగ్గా అదే చేశాడు. ఇంజనీరింగ్, తర్వాత భారతియార్ యూనివర్సిటీలో ఎంబీఏ, అన్నీ ఆ చుట్టుపక్కలే. సినిమాల్లోకి వచ్చాక కూడా చదువు వదల్లేదు, డాక్టరేట్ తెచ్చుకున్నాడు. 

ఇంకో సంగతి కూడా అక్క వల్లే స్పష్టమైంది. హిప్‌హాప్ తమిళ అంటే ఒక్క మనిషి కాదు, ఆది, జీవా ఇద్దరూ కలిసిన జోడీ. ఆర్కుట్ కాలంలో ఆన్‌లైన్‌లో పరిచయమై కలిసినవాళ్లు. తెర మీద కనిపించేది ఆది కాబట్టి పేరంతా అతనికే అంటుకుంది.

ఎఫ్ఎంలో పనిచేసిన అన్నకి రెండో థాంక్స్. 2011లో రేడియో మిర్చి కార్యక్రమంలో పాడిన 'క్లబ్బులె మబ్బులె' యూట్యూబ్‌లోకి ఎక్కి తమిళనాడంతా పాకింది. ఇప్పటి పిల్లలకు ఇందులో వింతేమీ కనపడదు. జియో వచ్చింది 2016లో. దానికి అయిదేళ్ల ముందు డేటా ప్యాక్ ఎంత ఖరీదో, ఒక వీడియో లోడయ్యేలోపు టీ తాగి రావచ్చన్న సంగతీ అన్న చెప్తుంటే క్లాసులో వినిపించాలని అనిపించి ఆ మాటలే వాడుకున్నాను. పాటలు బ్లూటూత్‌లో, మెమరీ కార్డుల్లో చేతులు మారిన రోజులవి. ఆ పేరు చల్లారకముందే 2012లో 'హిప్‌హాప్ తమిళన్' ఆల్బమ్ వచ్చింది.

అదే పాట గురించి పట్టుబట్టిన హైదరాబాద్ అక్కకి ప్రత్యేకంగా చెప్పాలి. క్లబ్బులకెళ్లే అమ్మాయిల్ని, మందు తాగే అమ్మాయిల్ని ఎగతాళి చేసిన పాట అది. అప్పుడే విమర్శలు వచ్చాయి. "హిట్టయింది అని రాసి దాటేస్తే అది ఫ్యాన్ పేజీ అవుతుంది గానీ పేపర్ కాదమ్మా" అని ఆమె రాసిన మెసేజ్‌ని నేను గోడకి అంటించుకున్నాను. ఆమె చెప్పాకే 2024లో వచ్చిన 'పీటీ సార్'ని దాని పక్కన పెట్టి చూశాను. అందులో ఆది స్కూల్లో ఆటల మాస్టారు. ఒక అమ్మాయి మీద వేధింపు జరిగితే తప్పంతా ఆ అమ్మాయి బట్టల మీదకి తోసేసే జనం మధ్య నిలబడతాడు. మనిషి మారాడా, మార్కెట్ మారిందా అని మా మేడమ్ అడిగారు. రెండూ అయ్యుండొచ్చన్నాను. ఆ జవాబుతో నాకూ పూర్తిగా తృప్తి లేదు, కానీ ఆ ప్రశ్న రావడమే నాకు గొప్పగా అనిపించింది.

ఇక సౌండ్ ఇంజనీర్ బాబాయ్. ఆయన లేకపోతే నేను ర్యాపర్ నుంచి నేరుగా హీరోకి గెంతేసేదాన్ని. "మధ్యలో అతను ఏం తిని బతికాడో చూడు" అన్నారు. చూస్తే అసలు కథంతా అక్కడే ఉంది. 2013లో అనిరుధ్ సంగీతంలో 'ఎదిర్ నీచ్చల్' టైటిల్ పాటలో గొంతు కలిపారు. 2015 సంక్రాంతికి సుందర్ సి తీసిన 'ఆంబళ'తో ఇద్దరూ సంగీత దర్శకులయ్యారు. అదే ఏడాది ఆగస్టులో 'తని ఒరువన్'. పాటలు కొట్టడం వేరు, ఆర్ఆర్ (రీరికార్డింగ్, అంటే సినిమాకి నేపథ్య సంగీతం) చేయడం వేరని బాబాయ్ అంటారు. పాట నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. రీరికార్డింగ్‌లో మాత్రం ఎవరి డైలాగ్ కిందికి ఎంత సంగీతం వెళ్లాలి, ఎక్కడ పూర్తిగా ఆపేయాలి అన్నది రెండున్నర గంటల పాటు తేల్చుకుంటూ పోవాలి. అరవింద్ స్వామి గొంతునే ట్రాక్‌లోకి తెచ్చి విలన్‌కి చేసిన 'తీమై దాన్ వెల్లుమ్' థీమ్‌ని ముక్కలు ముక్కలుగా వినిపించి, బీట్ ఎక్కడ మొదలవుతుందో, మాట ఎక్కడ దాని మీద కూర్చుంటుందో చూపించారు. ర్యాప్ నేర్పిన విద్య అది. మాటని తాళంలో ఎక్కడ పెట్టాలో తెలిసినవాడికి విలన్ డైలాగ్ కూడా పాటే.

ఈ 'తని ఒరువన్' సినిమానే మనకి రామ్ చరణ్ 'ధృవ'గా 2016 డిసెంబరులో వచ్చింది, సంగీతం మళ్లీ వాళ్లదే. ఇది చెప్పగానే క్లాసులో సగం మంది "ఓ, ఆయనేనా" అన్నారు.

రాజంపేట మామకి థాంక్స్ చెప్పకపోతే ఫోన్ చేసి తిడతాడు. నాని 'కృష్ణార్జున యుద్ధం' (2018)లో 'దారి చూడు దుమ్ము చూడు' పాట ఎవరి ట్యూన్ అనుకున్నారు? సినిమాకి సంగీతం హిప్‌హాప్ తమిళ. రాసి పాడింది మన సీమ జానపద కవి పెంచల్ దాస్. కోయంబత్తూరులో తమిళ ర్యాప్‌తో మొదలైనవాళ్ల సినిమాలో చిత్తూరు యాస మాట్లాడే కృష్ణ, వాడికి ఈ పాట. మామ ఫోన్‌లో పాట మొత్తం పాడి, ఏ మాట ఏ ఊళ్లో ఎలా అంటారో చెప్పాడు. అదంతా పేపర్‌లో పట్టలేదు మామా, ఏమనుకోకు.

నటన భాగానికి సినిమాలు వెతికి పెట్టిన చెన్నై తమ్ముళ్లకి కూడా. 2017 జులైలో 'మీసయ మురుక్కు'. కథ, దర్శకత్వం, సంగీతం, హీరో అన్నీ ఆదే. నిర్మాత మళ్లీ సుందర్ సి. అతని జీవితమే కథ. చెన్నై వెళ్లి ప్రయత్నించుకోవడానికి తండ్రిని ఒక్క ఏడాది గడువు అడిగే కొడుకు. తండ్రిగా వివేక్ చేశారు, నా మటుకు సినిమా ఆయనదే. ఆ తర్వాత హాకీ మీద 'నట్పే తుణై' (2019), టెన్షన్ వస్తే నవ్వు ఆగని కుర్రాడిగా 'నాన్ సిరిత్తాల్' (2020), కాంచీపురం పట్టు నేతగాళ్ల కుటుంబం నేపథ్యంలో స్వయంగా తీసిన 'శివకుమారిన్ శపథం' (2021), నేరుగా ఓటీటీకి వచ్చిన 'అన్బరివు' (2022), సూపర్‌హీరోగా 'వీరన్' (2023). ఆది గొప్ప నటుడని నేను రాయలేదు. పక్కింటి కుర్రాడి పాత్ర దాటితే ఇబ్బంది పడతాడు, ఏడుపు సీన్లు అస్సలు నప్పవు. కానీ తన సినిమాకి తనే సంగీతం కట్టుకుంటాడు కాబట్టి సినిమా ఆడకపోయినా పాట మిగులుతుంది. చాలామంది హీరోలకి లేని వెసులుబాటు ఇది.

జల్లికట్టు సంగతి ఒకరు గుర్తు చేశారు. 'టక్కరు టక్కరు' పాట, జల్లికట్టు నిషేధానికి వ్యతిరేకంగా చెన్నై మెరీనా బీచ్‌లో 2017 జనవరిలో జరిగిన ఉద్యమం, ఆది మొదట ముందుండి, ఉద్యమం వేరే దారి పట్టిందంటూ వీడియో పెట్టి పక్కకి తప్పుకోవడం. దాని మీద వచ్చిన పొగడ్తలూ తిట్లూ రెండూ పంపినందుకు థాంక్స్. అది వేరే పేపర్ అవుతుందని ఒక్క పేరాతో సరిపెట్టాను.

చివర్లో ఒక సార్ "మనవాళ్లలో ఎవరున్నారమ్మా?" అన్నారు. తెలుగు ర్యాపర్ నోయెల్ పేరు చెప్పాను, 'కుమారి 21ఎఫ్' చూసినవాళ్లు గుర్తుపట్టారు. రోల్ రైడా పేరు వెనక బెంచీ నుంచి వినిపించింది. వచ్చే సెమిస్టర్‌కి అదే టాపిక్ తీసుకోమన్నారు. కాబట్టి మళ్లీ మీ అందరినీ విసిగిస్తాను. పేపర్ పీడీఎఫ్ కావాలన్నవాళ్లకి ఈ వారంలో పంపుతాను. చెన్నై తమ్ముళ్లూ, మీరిచ్చిన పాత ఆల్బమ్ సీడీ భద్రంగా ఉంది, మా అన్న పండక్కి చెన్నై వస్తున్నాడు, వాడి చేతికిచ్చి పంపుతాను.