గండికోట యాత్రకు ముందు డాక్టర్ సింటాక్స్

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ టర్మ్‌లో మన తొమ్మిదో తరగతి పిల్లలు ఇంగ్లిష్ పీరియడ్‌లో ఒక పాత బొమ్మల పుస్తకం చదువుతున్నారు. ఇంట్లో అందులోని డాక్టర్ సింటాక్స్ అనీ, అతని గుర్రం గ్రిజిల్ అనీ చెప్పుకుని నవ్వుతున్నారట. సిలబస్‌లో లేని పుస్తకం ఎందుకని కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. వచ్చే నెల గండికోట విహారయాత్రకూ ఈ పుస్తకానికీ సంబంధం ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ పుస్తకాన్ని 1812లో లండన్‌లో రుడాల్ఫ్ అకర్‌మన్ ప్రచురించాడు. బొమ్మలు థామస్ రోలండ్‌సన్‌వి, పద్యాలు విలియం కూమ్‌వి. సింటాక్స్ ఒక పల్లెటూరి చర్చి గురువు. బడి నడిపితే వచ్చే డబ్బు ఇల్లు గడవడానికి చాలదు. అందుకని గుర్రమెక్కి దేశం తిరుగుతానని, బొమ్మలు గీసి, పద్యం, వచనం కలిపి పుస్తకం రాసి డబ్బు సంపాదిస్తానని భార్య డొరొతీకి మాటిచ్చి బయల్దేరతాడు. మొదట్లోనే దారి తప్పుతాడు. నాలుగు దారులు కలిసేచోట అక్షరాలు చెరిగిపోయిన, దారి చూపే ఒక గుంజ తప్ప ఏమీ ఉండదు. ఆయన ఆ గుంజనే బొమ్మ గీయడం మొదలుపెడతాడు. చదునైన నేలను గుట్టగా మారుస్తాడు, లేని నీళ్లు పారించి వాటి మీద వంతెన వేస్తాడు, బొమ్మలు గీసేవాళ్లందరూ చేసేది ఇదేగా అంటాడు. ఆ తర్వాత దొంగలు ఆయన్ని దోచుకుని చెట్టుకు కట్టేస్తారు. ఎద్దు తరుముతుంది. పాడుబడిన కోటను గీయబోయి నీళ్లలో పడతాడు. పాపం గ్రిజిల్‌కు చెవులూ తోకా పోతాయి. పిల్లలు ఎక్కువగా నవ్వింది మాత్రం గుంజ దగ్గరే. అది నాకు చాలా సంతోషం కలిగించింది, ఎందుకంటే పుస్తకం అసలు విషయం అక్కడే ఉంది.

ఈ వేళాకోళం వెనక, ప్రకృతిని పటంలా చూడాలనే ఒక నిజమైన మోజు ఉంది. 1793 నుంచి ఫ్రాన్స్‌తో యుద్ధాలు సాగడంతో ఇంగ్లండులో డబ్బున్నవాళ్లకు యూరప్ యాత్రలు కష్టమయ్యాయి. అప్పటికే మొదలైన సొంత దేశపు యాత్రలు దాంతో ఇంకా ఊపందుకున్నాయి. వై నదిలో పడవ మీద రాస్ నుంచి చెప్‌స్టో దాకా వెళ్లడం, ఉత్తరాన సరస్సుల ప్రాంతం చూడటం గొప్పగా ఉండేది. థామస్ వెస్ట్ 1778లో రాసిన గైడులో సరస్సును ఏ చోట నిలబడి చూడాలో కూడా రాశాడు. చాలామంది చేతిలో చిన్న నల్లటి అద్దం ఉండేది. కొండకూ సరస్సుకూ వీపు తిప్పి నిలబడి, వాటిని ఆ అద్దంలో చూసుకునేవాళ్లు. అందులో దృశ్యం చిన్నదై, రంగులు మెత్తబడి, ఫ్రేము కట్టిన పటంలా కనిపించేది. కవి థామస్ గ్రే 1769లో సరస్సుల యాత్రలో ఆ అద్దం తెరిచి పట్టుకునే వెల్లకిలా పడ్డాడు. వేళ్ల కణుపులకు మాత్రమే దెబ్బ తగిలిందని తన డైరీలో తనే రాసుకున్నాడు.

ఈ మోజుకు ఎక్కువ కారణమైన మనిషి విలియం గిల్పిన్. సింటాక్స్ పాత్రలో ఆయన రాతల మీదే చురకలున్నాయి. ఆయన గురించి కాస్త ఎక్కువ రాయాలని ఉంది. గిల్పిన్ కూడా నాలాగే ప్రధానోపాధ్యాయుడే. 1752 నుంచి 1777 దాకా చీమ్ అనే ఊళ్లో బడి నడిపాడు. బెత్తం రాజ్యమేలిన ఆ కాలంలో చిన్న తప్పులకు దెబ్బలు మాన్పించి జరిమానాలు పెట్టాడు, ఆ డబ్బును పిల్లల పుస్తకాలకూ ఆటలకూ ఖర్చుపెట్టించాడు, పిల్లల చేత సొంతంగా చిన్న చిన్న తోటలు పెంచించాడు. తర్వాత బోల్డర్‌లో చర్చి గురువుగా ఉన్నప్పుడు తన బొమ్మలు అమ్మి, ఆ డబ్బును అక్కడి పేదపిల్లల బడికి నిధిగా ఇచ్చాడు. ఇంత మంచి మాస్టారు 1782 నాటి వై నది పుస్తకంలో టింటర్న్ అనే పాడుబడిన మఠాన్ని చూసి, గోడల పైకొసలు మరీ తీరుగా ఉన్నాయని, సుత్తి పట్టుకుని కాస్త విరగ్గొడితే బొమ్మకు బాగుంటుందని రాశాడు.

అదే పుస్తకంలో, అదే టింటర్న్ దగ్గర ఇంకో సంగతి ఉంది. ఆ శిథిలాల్లో నిరుపేదలు గుడిసెలు వేసుకుని బతుకుతున్నారు. సన్యాసుల గ్రంథాలయం చూపిస్తానని ఒక ముసలావిడ రెండు కర్రల సాయంతో ఈడ్చుకుంటూ ముందు నడిచింది. తీరా చూస్తే ఆమె తీసుకెళ్లింది తను ఉంటున్న తడిసిన గదికి. చూపించడానికి ఆమె దగ్గర ఉన్నది తన కష్టమే. గిల్పిన్ ఆమెను వదిలేసి ముందుకు సాగలేదు, చూసింది చూసినట్టు రాశాడు. సుత్తి గురించి రాసిన చేయే ఇదీ రాసింది. ఈ రెండు పేరాలూ పక్కపక్కన పెట్టి క్లాసులో చదివించమని మా ఇంగ్లిష్ టీచర్‌ని నేనే అడిగాను.

గండికోటలోనూ పెన్నా లోయ అంచున బొమ్మకు సరిపోయే శిథిలాలు కావలసినన్ని ఉన్నాయి. కోటలోపల ఊరూ ఉంది, అక్కడ కాపురాలు చేసుకుంటున్న మనుషులూ ఉన్నారు. లోయ దగ్గర సెల్ఫీ తీసుకుని బస్సెక్కితే మనం చూసింది వెస్ట్ చెప్పిన చోటు నుంచి కనిపించేదే అవుతుంది. అందుకే మొదటి గంటసేపు ఫోన్లు టీచర్ల దగ్గర ఉంటాయి. తర్వాత ఇచ్చేస్తాం, ఫొటోలు తీసుకోవచ్చు. ప్రతి జట్టూ అక్కడ నివసించే ఒకరితో, వాళ్లకు ఇష్టమైతేనే, మర్యాదగా మాట్లాడాలి. అడగకుండా ఎవరి ఫొటో తీయకూడదు.

తిరిగొచ్చాక చేసే ప్రాజెక్టు కూడా ఈ పుస్తకం నుంచే తీసుకున్నాం. సింటాక్స్ పద్యాలు రాసేటప్పుడు కూమ్ అప్పుల జైలులో ఉన్నాడు, వయసు డెబ్బైకి దగ్గర. నెలకో బొమ్మ ఆయనకు చేరేది. దానికి పద్యాలు కట్టి పంపేవాడు. వచ్చే నెల బొమ్మలో ఏముంటుందో తెలియదు. రెండేళ్లలో పదివేలకు దగ్గరగా పంక్తులు అలా తయారయ్యాయి, ఆ రెండేళ్లూ బొమ్మల మనిషికీ పద్యాల మనిషికీ పరిచయమే లేదు. మన పిల్లలూ అలాగే చేస్తారు. ఒకరు కోటలో చూసినదాన్ని గీసి కవర్లో పెట్టి ఇస్తారు, వేరే సెక్షన్‌లో ఎవరో దానికి పద్యం రాస్తారు. పద్యం తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా సరే. మన ద్విపదలా రెండేసి పాదాలుగా ఉంటే చాలు, యతిప్రాసల టెన్షన్ పెట్టుకోవద్దు. బొమ్మ బాగా రాదని బాధపడే పిల్లలకు ఒక మాట చెప్పండి: లేని వంతెన గీస్తే మార్కులు తగ్గుతాయి, వంకర గీతకు తగ్గవు.

బొమ్మల్నీ పద్యాల్నీ వచ్చే సంచికలో అచ్చు వేస్తాం. యాత్రకు పిల్లలతో గీతల్లేని నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు, టోపీ, నీళ్ల బాటిల్ పంపండి. కొత్త రంగుల పెట్టెలు కొనకండి, అవి బడిలోనే ఉన్నాయి. అనుమతి పత్రం మీద ఇద్దరిలో ఒకరు సంతకం చేసి క్లాస్ టీచర్‌కి ఇస్తే సరిపోతుంది. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు మొహమాటపడకుండా నాకు చెప్పండి, ఏ బిడ్డా బస్సు ఎక్కకుండా మిగిలిపోకూడదు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు