విశాఖ జిల్లా ఉద్యాన అధికారి గారికి: మన తీరానికి తగిన పాలీహౌస్ కావాలి

అయ్యా, నమస్కారం.

ఆనందపురం మండలంలో పాలీహౌస్ (ప్లాస్టిక్ పట్టా కప్పిన సాగు పందిరి) వేసి క్యాప్సికం పండిస్తున్న రైతును. కిందటి మార్చిలో ఒక ఉదయం లోపలికి వెళ్లేసరికి మొక్కల మొదళ్లలో తెల్లటి పూలు రాలి పరుచుకుని ఉన్నాయి. కొమ్మకు మిగిలిన ఒక పువ్వును వేలితో తాకాను. తొడిమ పసుపుబారిపోయి, ముట్టుకోగానే ఊడివచ్చింది. పురుగు లేదు, తెగులు లేదు. వేడి, అంతే.

రాత్రులు 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే క్యాప్సికం కాయ బాగా నిలుస్తుంది. పగలు 32 దాటితే పూత రాలడం మొదలవుతుంది. మన తీరంలో వేసవి రాత్రులు కూడా ఉక్కపోతే. చల్లని ఊళ్లకు గీసిన నమూనాను, తక్కువ ఎత్తుతో, ఇరుకు కిటికీలతో ఇక్కడ నిలబెడితే అది ఇడ్లీ పాత్రలా ఉడుకుతుంది. నాకు కట్టి ఇచ్చినవాళ్లు ఈ మాట ముందు చెప్పలేదు.

మీరు తలచుకుంటే మార్చగలరు. ఎత్తైన కప్పు, పైనుంచి వేడిగాలి పోయే దారి, పక్కల పురుగు వల ఉన్న నమూనాకు రాయితీలో చోటివ్వండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఏం చేసిందో మనందరికీ తెలుసు. తుపాను హెచ్చరిక రాగానే ప్లాస్టిక్ పట్టాను చుట్టుకునే వీలు కూడా ఉండాలి. పచ్చకాయ ఎరుపెక్కాలంటే మొక్క మీదే మరికొన్ని వారాలు ఉండాలి. మాకు ధర వచ్చేది ఆ వారాల వల్లే. కాబట్టి చలికాలంలోనే కాయ పండేలా నాటు తేదీలూ సూచించండి.

ఒక్కసారి మా తోటకు రండి. మధ్యాహ్నం రెండు గంటలకు రండి, లోపల వేలాడదీసిన థర్మామీటరు చూపిస్తాను.

ఇట్లు,
ఒక క్యాప్సికం రైతు