పరిహారానికి తీర్పు దాకా ఆగనక్కర్లేదు

ఎడిటర్ గారికి,

అత్యాచారం, యాసిడ్ దాడి, కట్నం కోసం కిరోసిన్ పోసి తగలబెట్టడం వంటి నేరాలకు గురైన మహిళలకు ప్రభుత్వ పరిహారం కేసు గెలిచాకే వస్తుందని చాలా కుటుంబాలు నమ్ముతున్నాయి. ఆ నమ్మకంతోనే ఏళ్లు గడిపేస్తున్నాయి. నిజానికి శిక్ష పడాలన్న షరతు లేదు. నేరం చేసిందెవరో తెలియక విచారణే మొదలవకపోయినా అడగవచ్చు. ఈ హక్కు పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 357ఏ సెక్షన్‌లో ఉండేది, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్ష సంహిత 396 సెక్షన్‌లో ఉంది.

మొత్తాలు జాతీయ న్యాయసేవాధికార సంస్థ (నల్సా) 2018 నాటి పథకంలో ఉన్నాయి. అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారానికి 5 నుంచి 10 లక్షలు, యాసిడ్ వల్లగానీ కాలిన గాయాల వల్లగానీ ముఖం వికృతమైతే 7 నుంచి 8 లక్షలు. బాధితురాలు మైనరైతే ఈ పరిమితి 50 శాతం పెరుగుతుంది. వరకట్న మరణం, గాయాలతో కూడిన 498ఏ కేసు (భర్త, అత్తింటివారి క్రూరత్వం; ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 85 సెక్షన్) కూడా ఈ పథకం కిందికే వస్తాయి. ఆ సంగతి స్టేషన్లలో చెప్పేవారు తక్కువ.

దరఖాస్తు ఇవ్వాల్సింది జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి. ఎఫ్ఐఆర్ నకలు, వైద్య నివేదిక జతచేయాలి. బాధితురాలే రానక్కర్లేదు, ఆమెపై ఆధారపడినవారు ఇవ్వవచ్చు, స్టేషన్ హౌస్ ఆఫీసరే ఇవ్వవచ్చు. నేరం జరిగిన నాటి నుంచి గానీ, విచారణ ముగిసిన నాటి నుంచి గానీ 3 ఏళ్ల గడువు ఉంది. ఆలస్యానికి తగిన కారణం ఉంటే మన్నిస్తారు.

అసలు చిక్కు వైద్య నివేదిక దగ్గర వస్తుంది. కాలిన గాయాలకు పరిహారం, ఎంత మేర కాలిందన్న దాన్ని బట్టి, 20 శాతం, 50 శాతం అన్న గీతల మీద మారుతుంది. డిశ్చార్జి కాగితంలో మాత్రం ఉత్తినే ‘కాలిన గాయాలు’ అని రాసి ఊరుకుంటారు. ఆ ఒక్క అంకె కోసం, ఇంకా పచ్చిగా ఉన్న చర్మం మీద కట్టు కట్టుకుని ఆమె మళ్లీ ఆసుపత్రి వరండాలో కూర్చోవాలి. డిశ్చార్జికి ముందే శాతం రాయించుకోండి. మానసికంగా దెబ్బతిని చికిత్స పొందుతుంటే ఆ కాగితాలూ దాచండి, దానికీ పరిహారం ఉంది.

రెండోది బ్యాంకు ఖాతా. భర్తే నిందితుడైన కేసులో భర్తతో ఉమ్మడి ఖాతా నంబరు ఇస్తే డబ్బు ఎవరి చేతికి పోతుందో చెప్పనక్కర్లేదు. ఆమె ఒక్కరి పేరుతో కొత్త ఖాతా తెరవాలి. తుది పరిహారంలో 75 శాతం కనీసం 3 ఏళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది. చదువుకో వైద్యానికో అత్యవసరమైతే ముందే తీసుకునే అనుమతి అడగవచ్చు. ఈ మాట తెలియక, డిపాజిట్ కాగితం బీరువాలో ఉండగానే ఆపరేషన్‌కు వడ్డీకి అప్పు తెచ్చేవాళ్లున్నారు.

అన్నిటికన్నా ముఖ్యం, తుది నిర్ణయానికి ముందే ఇచ్చే మధ్యంతర సాయం. దరఖాస్తు అందగానే 5 వేల నుంచి 10 వేలు చేతికివ్వాలి. ఆపై ఇచ్చే మధ్యంతర పరిహారం, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ మొత్తంలో 25 శాతానికి తగ్గకూడదు. అంటే అత్యాచారం కేసులో 1.75 లక్షలు. యాసిడ్ దాడి అయితే విషయం తెలిసిన 15 రోజుల్లో లక్ష, ఆపై 2 నెలల్లో మరో 2 లక్షలు ఇవ్వాలి. అడగకుండా ఇవ్వరు కాబట్టి దరఖాస్తులోనే ‘మధ్యంతర పరిహారం కోరుతున్నాను’ అని విడిగా రాయాలి. తిరస్కరిస్తే 30 రోజుల్లో రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థకు అప్పీలు చేసుకోవచ్చు.

ఈ నేరాల్లో ఎఫ్ఐఆర్ కాగానే నకలును న్యాయసేవాధికార సంస్థకు పంపడం పోలీసుల విధి అని పథకమే చెబుతోంది. ఆ కాగితం కదలకపోతే సంస్థకు విషయమే తెలియదు, 15 రోజుల లెక్కా మొదలవదు. అందుకే మా కోరిక ఒక్కటే. బాధితురాలికి ఉచితంగా ఇచ్చే ఎఫ్ఐఆర్ నకలు మీదే, ‘న్యాయసేవాధికార సంస్థకు పంపిన తేదీ’ అని ముద్ర వేసి, తేదీ నింపి ఇవ్వాలని రెండు తెలుగు రాష్ట్రాల డీజీపీలూ ఉత్తర్వు జారీ చేయాలి. ముద్ర లేని కాగితం చేతిలో ఉన్నవారు ఈలోగా న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసి అడగవచ్చు.

– కొందరు పారా లీగల్ వాలంటీర్లు