జుట్టు రంగు కొంటే కాగితం కూడా ఇవ్వాలి, తెలుగులోనూ ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

పెళ్ళిళ్ళ రోజులొస్తే మన ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్ బజార్లలో జుట్టు రంగులకు గిరాకీ పెరుగుతుంది. ఈమధ్య ఆడపిల్లలు అడిగేది నల్లరంగో ఎర్రరంగో కాదు. మెరుపు లేని బూడిద గోధుమ రంగు కావాలి, లేదా పొగచూరినట్టుండే ఊదా కావాలి. అనుకున్న ఛాయ ఒక్క ట్యూబుతో రాదు కనుక రెండు కొని ఇంట్లోనే కలుపుకుంటున్నారు. పద్ధతి తెలిస్తే ఇందులో తప్పేమీ లేదు. ఆ పద్ధతి రాసివున్న కాగితమే వాళ్ళ చేతికి రావడం లేదు. కొన్ని కొట్లలో డబ్బా విప్పి ట్యూబు ఒకరికి, అందులో కలపాల్సిన డెవలపర్ ద్రవం ఇంకొకరికి విడివిడిగా అమ్ముతున్నారు. డెవలపర్‌ను పెద్ద సీసాలోంచి చిన్న సీసాలోకి వంపి, శాతం రాయకుండా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు.

ఆ శాతమే అన్నిటికంటే ముఖ్యం. డెవలపర్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్. 3, 6, 9, 12 శాతాల్లో దొరుకుతుంది. సీసా మీద 10, 20, 30, 40 వాల్యూమ్ అని ఉండేవి ఇవే. ఇంట్లో 6 దాటకూడదు. 12 శాతం దాన్ని తెలియక కుదుళ్ళకు పట్టిస్తే మాడు బొబ్బలెక్కుతుంది.

ట్యూబు మీది అంకెలు కూడా తెలియాలి. 5.1 అంటే చుక్కకు ముందున్నది జుట్టు ఎంత ముదురో చెబుతుంది, 1 నలుపు, 10 బాగా లేతది. చుక్క తర్వాతది ఛాయ. చాలా కంపెనీల్లో .1 బూడిద, .0 మామూలు రంగు. మన జుట్టు 1 నుంచి 3 లోపే. 6 శాతం డెవలపర్ దాన్ని ఒకటి రెండు మెట్లు మాత్రమే తేల్చగలదు. తేలినప్పుడు లోపలి ఎరుపు బయటపడుతుంది, బూడిద ట్యూబులోని నీలం దాన్ని అణచాలి. అందుకే బూడిద గోధుమ రంగు కోసం, ఇంతకుముందు రంగు వేయని నల్లజుట్టుకు 5.1 నలభై గ్రాములు, 5.0 ఇరవై గ్రాములు కలపాలి. సగం నెరిసిన తలకు కొలత తిరగబడుతుంది. 5.0 నలభై, 5.1 ఇరవై. తెల్లవెంట్రుకలో అణచడానికి ఎరుపు ఉండదు కనుక బూడిద ఎక్కువైతే నీలంగానో పాచి రంగుగానో తేలుతుంది. ఇంట్లో రంగు చెడిందని మా పార్లర్లకు వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి జరిగేది ఇదే.

ముందు రెండు ట్యూబులనూ ప్లాస్టిక్ గిన్నెలో బాగా కలిపి, ఆ తర్వాతే డెవలపర్ పోయాలి. రంగుకూ డెవలపర్‌కూ ఒకటికి ఒకటి అన్న కంపెనీదైతే డెవలపర్ 60 గ్రాములు, ఒకటికి ఒకటిన్నర అంటే 90. చెంచాలతో కాదు, కాటా మీద తూయాలి. రెండు ట్యూబులూ ఒకే కంపెనీ, ఒకే రకం కావాలి. నల్లజుట్టుకైతే ముందు మధ్య భాగానికి, చివర్లకు పట్టించి, కుదుళ్ళకు ఆఖరున. మాడు వేడికి అక్కడ రంగు త్వరగా తేలుతుంది. నెరిసిన కుదుళ్ళయితే అవే ముందు. మిగిలిన మిశ్రమాన్ని సీసాలో బిగించి దాచకూడదు, గ్యాసు పుట్టి సీసా పగులుతుంది. పాత రంగు మీద కొత్త రంగు వేస్తే లేతబడుతుందన్నది ఒట్టి మాట. రంగు రంగును తీయదు.

పొగ ఊదా వేరే రకం. డెవలపర్ అక్కర్లేని తాత్కాలిక రంగును తెల్ల కండిషనర్‌లో కలిపితే వస్తుంది. 50 గ్రాముల కండిషనర్‌కు 2 గ్రాముల ఊదా వేసి, మరీ మెరిస్తే పుల్ల మొనతో ఆకుపచ్చ రవ్వంత. నల్లజుట్టు మీద ఇది కనిపించనే కనిపించదు. పూర్తిగా నెరిసిన అమ్మమ్మలకు మాత్రం అద్భుతంగా అతుకుతుంది, వాళ్ళేమో అడగరు! డెవలపర్‌తో వేసే ట్యూబు రంగులో కండిషనర్ కలిపితే మాత్రం రంగు పలచబడి మచ్చలుగా పడుతుంది.

గోరింటాకు పేరుతో వచ్చే కొన్ని పొడుల్లో లోహ లవణాలుంటాయి. ఆ జుట్టుకు పెరాక్సైడ్ తగిలితే వేడెక్కి వెంట్రుక తెగిపోతుంది. నీలి ఆకు పొడి వేసిన తలను బ్లీచ్ చేస్తే ఆకుపచ్చగా తేలుతుంది. అందుకే మెడ వెనక ఒక చిన్న పాయ కత్తిరించి, మిశ్రమం పట్టించి 35 నిమిషాలాగి, కడిగి ఆరబెట్టి ఎండలో చూడాలి. తడిమీద చూసిన రంగును నమ్మొద్దు.

ఇక చర్మ పరీక్ష. ట్యూబు రంగుల్లో, నల్లపొడుల్లో ఎక్కువగా ఉండే పారాఫినిలీన్ డయమీన్ పడనివాళ్ళకు ముఖమంతా వాచిపోతుంది. కలిపిన రంగు కొంచెం చెవి వెనకగానీ ముంజేతి లోపలగానీ రాసి, ఆరనిచ్చి, 24 గంటల తర్వాత కడిగి చూడాలి. రంగు వేసుకునే ప్రతిసారీ ముందుగా ఇది చేయాలి, పోయినసారి పడింది కదా అనుకోకూడదు. కనుబొమలకు, రెప్పలకు అసలు వద్దు, చూపు పోవచ్చు. ఇలాంటి రంగు పొరపాటున లోపలికి పోతే నాలుక, గొంతు వాస్తాయి, మూత్రం నల్లబడుతుంది, కిడ్నీలు చెడతాయి. విరుగుడు మందు లేదు. తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

చర్మ పరీక్ష, కనుబొమలు, రెప్పల గురించిన హెచ్చరికను ఇంగ్లీషులోనూ స్థానిక భాషల్లోనూ, లోపలి లేబులు మీదా బయటి లేబులు మీదా వేయాలని చట్టంలోనే ఉంది. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో స్థానిక భాష అంటే ఒడియా ఒక్కటే అనుకుంటే కుదరదు. ఇంట్లో తలకు రంగు పెట్టే అమ్మలు, పెద్దమ్మలు చాలామంది చదవగలిగింది తెలుగే. కొన్ని కంపెనీల కాగితంలో తెలుగు ఉంది కూడా. డబ్బా విప్పి అమ్మడాన్ని ఔషధ తనిఖీ అధికారులు ఆపించాలి, శాతం రాయని డెవలపర్ సీసాలను కొట్లలోంచి తీయించాలి. అది జరిగేలోగా కొట్టువాళ్ళు ఒక పని చేయొచ్చు. తెలుగున్న కాగితానికి జిరాక్సులు తీసిపెట్టుకుని ట్యూబుతోపాటు ఒకటి చేతిలో పెట్టడం. ఒకటి రెండు రూపాయల ఖర్చు, కావాలంటే బిల్లులో కలుపుకోమనండి.

ఇట్లు
కొందరు పార్లర్ పనివాళ్ళు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా